ఇంటి డబ్బా వద్దన్న బడులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, భోజనశాలల బాధ్యులకు,

ఆహార ఎలర్జీ ఉన్న బిడ్డ ఇంట్లో వంట రెండు పొయ్యిల మీద సాగదు. ఆ బిడ్డకొకటి, మిగతావారికొకటి వండుకుంటూ పోతే ఎవరికీ ఓపిక చాలదు. ఏదో ఒక రోజు గిన్నెలు తారుమారై పొరపాటు జరిగి తీరుతుంది. అందుకే అలాంటి ఇళ్లలో కొద్ది నెలలకే అందరి వంటా మారుతుంది. పడని దినుసు గడప దాటి పోతుంది, లేదంటే గట్టి మూత ఉన్న సీసాలో, విడి చెంచాతో, పై అరలోకి చేరుతుంది. దాని చోటును కొబ్బరో, మినప్పప్పో తీసుకుంటుంది. పులిహోర పులిహోరలాగే ఉంటుంది, అందులో పల్లీలు మాత్రం ఉండవు. తాత, నాన్న, అక్క, ఆ బిడ్డ అందరూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకుంటారు. ఎలర్జీ ఉన్న పిల్లల వంటకు మూలం ఇదే: బిడ్డను పంక్తిలోంచి లేపకుండా దినుసును గిన్నెలోంచి తీయడం.

ఈ సంగతి మీకు రాయవలసి రావడానికి కారణం మీలో కొందరు స్కూలు డైరీ మొదటి పేజీల్లో అచ్చువేయిస్తున్న నిబంధన. ఇంటి భోజనం తేకూడదు, పిల్లలందరూ బడి భోజనమే తినాలి. అందరూ ఒకే తిండి తింటే హెచ్చుతగ్గులు కనబడవన్న ఉద్దేశం మంచిదే. కానీ వేరుశనగ పడని బిడ్డ తల్లి వచ్చి అడిగితే ఆఫీసు గదిలో దొరుకుతున్న జవాబు వేరు. ఒక్క పిల్లాడి కోసం వేరే వంట చేయలేమండీ, ఏం జరిగినా మాది పూచీ కాదని ఈ కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నారు. డబ్బా వద్దన్నది మీరు. మధ్యాహ్నం ఆ బిడ్డ నోట్లోకి వెళ్లే ప్రతి ముద్దనూ మీ చేతిలోకి తీసుకున్నది మీరు. ఆ ముద్దలో ఏముందో చెప్పే పూచీ ఇంకెవరిది? అడిగినవారెవరైనా వేరే వంట కోరారా? వండే వంటలో ఏం వేశారో చెప్పమని, ఒక గరిటె విడిగా ఉంచమని కదా అడిగింది?

'పడదు' అనే మాటను తెలుగువాళ్లు చాలా వాటికి వాడతారు. వంకాయ పడదంటే దురద, చల్లటి మజ్జిగ పడదంటే జలుబు, పాలు పడవంటే కడుపుబ్బరం. వంటశాలకు మాత్రం ఇందులో మూడు స్థితులు విడివిడిగా తెలియాలి. మొదటిది అసలైన ఎలర్జీ. ఒంటిలోని రక్షణ వ్యవస్థ వేరుశనగలోనో, పాలలోనో, గుడ్డులోనో ఉండే ప్రోటీన్‌ను శత్రువనుకుని విరుచుకుపడుతుంది. తిన్న కొద్ది నిమిషాల్లో, సాధారణంగా రెండు గంటల లోపు, ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, వాంతులవుతాయి. తీవ్రమైతే గొంతు బిగుసుకుపోయి ఊపిరి అందదు, రక్తపోటు పడిపోతుంది. వైద్యులు దీన్ని అనాఫిలాక్సిస్ అంటారు. కొందరు పిల్లలకు గరిటెకు అంటిన పచ్చడి చాలు. రెండోది పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగకపోవడం. కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలు వస్తాయి గానీ ప్రాణం మీదికి రాదు. గ్లాసుడు పాలు తాగలేని ఇలాంటి పిల్లల్లో చాలామంది పెరుగన్నం హాయిగా తింటారు. తోడుకునేటప్పుడు ఆ చక్కెరలో కొంత భాగం ఖర్చయిపోతుంది కనుక. మూడోది సీలియాక్ వ్యాధి. గోధుమ, బార్లీ వంటి ధాన్యాల్లోని గ్లూటెన్ వల్ల పేగు లోపలి పొర దెబ్బతింటుంది. అప్పటికప్పుడు పరుగులు పెట్టించే జబ్బు కాదు. బిడ్డ బరువు పెరగదు, రక్తం తగ్గిపోతుంది, ఎదుగుదల కుంటుపడుతుంది. జన్మంతా గ్లూటెన్ ఉన్న ధాన్యాలు మానడమే దానికి వైద్యం.

పాల ఎలర్జీ ఉన్న బిడ్డకు పెరుగు పెడితే ప్రమాదం. లాక్టోజ్ మాత్రమే అరగని బిడ్డకు పెరుగు మానిపిస్తే ఆ బిడ్డ బలాన్ని లాగేసుకున్నట్టే. అడ్మిషన్ దరఖాస్తులో ఈ ఇద్దరికీ ఒకే గడి ఇచ్చి టిక్కు పెట్టించుకుంటే వంటమనిషి దేన్ని పాటించాలి?

దరఖాస్తులో రాసే పేర్లతోనే ఇంకో చిక్కు ఉంది. వేరుశనగను తెలంగాణలో పల్లీలంటారు, రాయలసీమలో శెనక్కాయలనీ బుడ్డలనీ అంటారు, కోస్తాలో వేరుశనగ గుళ్లంటారు. 'శనగ పడదు' అని రాసిస్తే ఒక వంటమనిషి శనగపప్పు మానేసి పల్లీలు వేయవచ్చు, ఇంకొకరు దానికి తలకిందులుగా చేయవచ్చు. పప్పునూనె అంటే నువ్వుల నూనె అని కోస్తాలో పిల్లలకు కూడా తెలుసు, కానీ వేరే ప్రాంతం నుంచి పనికి వచ్చినవారికి తెలియకపోవచ్చు. మంచినూనె ఒకచోట నువ్వుల నూనె, మరోచోట వేరుశనగ నూనె. మీ వంటశాలల్లో ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చినవారూ ఉంటారు. వాళ్లకు ఈ పేర్లలో ఏదీ తెలియదు. కాబట్టి ఎలర్జీ కాగితం మీద ఆ దినుసు బొమ్మ ఉండాలి, వండే మనిషి భాషలో దాని పేరు ఉండాలి. ఇంగ్లీషులో నింపి ఫైల్లో దాచిన కాగితం పొయ్యి దగ్గరికి ఎప్పుడూ చేరదు.

తెలుగు వంటింట్లో వేరుశనగ దూరని చోటు తక్కువ. ఇడ్లీ పక్కన పచ్చడి, పులిహోరలో పోపు, గుత్తివంకాయలో కూరిన కారం, హైదరాబాదీ మిర్చీ కా సాలన్‌లో చిక్కదనం, సర్వపిండిలో పలుకు, సాయంత్రం పంచే చిక్కీ, పెద్ద డబ్బాల్లో దింపే నూనె, అన్నిటా అదే. బాగా శుద్ధిచేసిన వేరుశనగ నూనెలో ప్రోటీన్ దాదాపు మిగలదు. గానుగ నూనెలో మిగులుతుంది. మంచిదని చెప్పి మీరు గానుగ నూనెకు మారితే, ఆ మార్పు పల్లీ పడని బిడ్డ ఇంటికి ముందుగా తెలియాలి. వేయిస్తే విషం విరిగిపోతుందనే మాట వంటశాలల్లో తరచూ వినబడుతుంది. పల్లీల విషయంలో అది నిజం కాదు. గట్టి వేడికి వేయించిన పల్లీ ఎలర్జీని ఇంకా ఎక్కువ రేపగలదు, ఉడకబెట్టింది కూడా క్షేమం కాదు.

ఉదయం ఎనిమిదిన్నరకు ఒక భోజనశాలలో వడ్డన ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే ప్రమాదం ఎక్కడుందో తెలిసిపోతుంది. బల్ల మీద మూడు స్టీలు బకెట్లు. ఒకదాంట్లో ఇడ్లీలు, ఒకదాంట్లో సాంబారు, మూడోదాంట్లో పల్లీ పచ్చడి. వడ్డించే ఆయా పచ్చడి గరిటెను బకెట్ అంచుకు కొట్టి దులుపుతుంది. పచ్చడి గట్టిపడిందని అదే గరిటెతో సాంబారు బకెట్‌లోంచి కొంచెం ముంచి అందులో కలుపుతుంది. తడి చేత్తో ఇడ్లీ తీసి తర్వాతి పళ్లెంలో పెడుతుంది. వరుసలో ఆరో బిడ్డ వంతు వచ్చేసరికి మూడు బకెట్లలోనూ పల్లీ ఉంది. పచ్చడి వద్దు ఆయమ్మా అని ఆ బిడ్డ బుద్ధిగా చెప్పినా లాభం లేదు. ఆయమ్మ తప్పు ఇందులో లేదు. పచ్చడి బకెట్ బల్లకు ఆ చివర ఉండాలనీ, దాని గరిటె దానిలోనే ఉండాలనీ, ఇడ్లీకి పటకారు కావాలనీ ఆమెకు ఎవరు చెప్పారు? ఆ పటకారు కొనివ్వడం ఎంత ఖర్చు?

పచ్చడిని మార్చడం ఇంకా సులువు. పల్లీ పచ్చడికి ఇచ్చేవి మూడు గుణాలు: చిక్కదనం, కమ్మదనం, కొంచెం తీపి. ఎండుమిర్చితో పాటు గుప్పెడు మినప్పప్పును సన్నటి సెగ మీద ఎర్రగా వేయించి, టమాటాలను నూనెలో నీరు ఇగిరేదాకా మగ్గించి, చింతపండు వేసి రుబ్బితే ఆ మూడూ వస్తాయి. పచ్చి కొబ్బరి, అల్లం, చిన్న బెల్లం ముక్కతో ఇంకో రకం. పుట్నాలతో చేసేది కూడా బాగుంటుంది గానీ, పల్లీ పడని పిల్లల్లో కొందరికి శనగ జాతి కూడా పడదు కనుక అడిగి చేయాలి. పులిహోరలో పల్లీ ఇచ్చే కరకర కోసం పోపులో మినప్పప్పును, శనగ పడుతుందని తెలిస్తే శనగపప్పును కూడా మామూలు కంటే రెండింతలు వేసి, ఎర్రబడేదాకా ఓపికగా వేయించాలి. పెద్ద మంట మీద తొందరపడితే పైన మాడి లోపల గట్టిగా ఉండిపోతాయి, పిల్లలు ఏరి పక్కన పెడతారు. గుత్తివంకాయకు ఎండుకొబ్బరి, ధనియాలు, వేయించిన ఉల్లిపాయ ముద్ద సరిపోతాయి. సాయంత్రం చిక్కీకి బదులు బెల్లం పాకంలో మరమరాల ఉండలు చుట్టవచ్చు. ఇందులో ఏదైనా మీ వంట మాస్టారుకు చేతకానిదా? వీటిలో దేన్నయినా మిగతా పిల్లలు తినరంటారా?

గోధుమ విషయంలో తెలుగు పళ్లెం అదృష్టవంతమైనది. ఇడ్లీ, మినపట్టు, పెసరట్టు, బియ్యపు రవ్వతో ఉప్పుడుపిండి, జొన్నరొట్టె, రాగిసంకటి, కొర్రన్నం, వీటిలో దేంట్లోనూ స్వతహాగా గ్లూటెన్ లేదు. ఉత్తరాదిన చపాతీయే రోజువారీ భోజనమైన ఇళ్లలో సీలియాక్ బిడ్డకు వండడం ఎంత కష్టమో తలచుకుంటే ఇక్కడి పని తేలికే. దొంగచాటుగా వచ్చే గోధుమ దగ్గరే జాగ్రత్త పడాలి. కొట్లో అమ్మే ఇంగువ అచ్చమైన ఇంగువ కాదు. బంకకు మైదానో, గోధుమపిండినో, బియ్యప్పిండినో కలిపి తయారుచేస్తారు. పప్పుచారులో వేసిన చిటికెడు ఇంగువ ఆ బిడ్డకు గోధుమే. బియ్యప్పిండి కలిపిన డబ్బా చూసి కొనుక్కోవాలి, లేదా వెల్లుల్లి పోపుతో సరిపెట్టుకోవాలి. పునుగుల పిండిలో మైదా కలుస్తుంది. ఫ్రైడ్ రైస్‌లో పోసే సోయాసాస్‌లో సోయాతో పాటు సాధారణంగా గోధుమ కూడా ఉంటుంది. చిరుధాన్యాల పేరుతో వచ్చే నూడుల్స్, బిస్కెట్లలో చాలావాటికి ఆధారం గోధుమపిండే. ముందువైపు పెద్దక్షరాలు కాక వెనకవైపు చిన్నక్షరాలు చదవాలి.

వీటన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది పిండిమర. గోధుమలు ఆడించిన వెంటనే అదే మరలో జొన్నలు పోస్తే మొదట దిగే పిండిలో గోధుమ కలిసే వస్తుంది. ఇళ్లలో దీనికి రెండు ఉపాయాలు పాటిస్తారు. కొందరు జొన్నలు, రాగులు కడిగి ఆరబెట్టి ఇంట్లో మిక్సీలోనే పట్టుకుంటారు. ఇంకొందరు అందుకోసం ఒక చిన్న మర కొనుక్కుంటారు. భోజనశాలకు రెండోది భారం కాదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం ప్రకారం గ్లూటెన్ లేదని చెప్పుకునే పదార్థంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. అంటే కిలో పిండిలో చిటికెడంత కూడా కాదు. మరలో మిగిలిన పిండి ఆ హద్దును సులువుగా దాటిస్తుంది.

పాల ఎలర్జీ వంటకు ఎక్కువ ఆలోచన కావాలి, ఎందుకంటే పెరుగన్నంతో ముగియని తెలుగు భోజనం భోజనమే కాదనిపిస్తుంది. ఆవుపాలు పడకపోతే గేదెపాలు పోయండి, మేకపాలు పోయండి అనే సలహా పల్లెల్లోనే కాదు, స్టాఫ్ రూముల్లో కూడా వినబడుతుంది. ఆ ప్రోటీన్లు ఒకదానికొకటి ఎంత దగ్గరివంటే ఆవుపాల ఎలర్జీ ఉన్న పిల్లల్లో అత్యధికులకు మిగతావీ పడవు. నెయ్యి కాచి వడకట్టినా పాల ప్రోటీన్ ఆనవాళ్లు అందులో మిగిలే ఉంటాయి. పప్పు గుండిగలో చివర్న కుమ్మరించే నేతి గరిటె ఆ బిడ్డను పప్పు నుంచి కూడా వెలివేస్తుంది. నెయ్యి విడిగా, వడ్డనలో వేస్తే పప్పు అందరిదీ అవుతుంది. వంటలో ఇంత చిన్న మార్పుకు ఇంత పెద్ద ఫలితం ఇంకెక్కడా దొరకదు. కుర్మాలో పెరుగుకు బదులు కొబ్బరిపాలు పోయవచ్చు. కోడికూరకు మాంసాన్ని నిమ్మరసంలో, కొంచెం పచ్చి బొప్పాయి ముద్దలో నానబెడితే పెరుగు వేసినంత మెత్తగా ఉడుకుతుంది. భోజనం చివర్న చారన్నమో, పప్పుచారన్నమో చాలు. పాలు మానడంతో తగ్గిన కాల్షియాన్ని వేరే చోట వెతుక్కోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నట్టు చూపారు. తిన్నదంతా ఒంటికి పట్టదు గనుక రాగిజావ ఒక్కదాని మీదే ఆధారపడకుండా మునగాకు, తోటకూర, నువ్వులు పడితే నువ్వులపొడి, డాక్టరు రాసిస్తే మాత్ర కూడా ఉండాలి.

గుడ్డు దగ్గర ఒక్క మాట. కేకులో, బిస్కెట్‌లో బాగా కాలిన గుడ్డును తట్టుకునే పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్లకే ఆమ్లెట్ పడదు. ఈ తేడాను తేల్చవలసింది ఆసుపత్రిలో వైద్యుడు. పుట్టినరోజు నాడు కేకు ముక్కతో క్లాసు టీచరు పరీక్షించకూడదు. రొయ్యలు పడని బిడ్డకు రొయ్యల కూర మానిపిస్తే సరిపోదు. ఎండురొయ్యల పొడి వేసిన కూరలూ, రొయ్యలు వేపిన నూనెలో వేసిన బజ్జీలూ అంతే. కాగిన నూనెను మళ్లీ మళ్లీ వాడే బాండీలో ఆ రోజు ముందు ఏవి వేగాయో అవన్నీ తర్వాత వేగే వాటికి అంటుతాయి. ఎలర్జీ బిడ్డకు వేసేది పొద్దున మొదటి వాయిగా, కొత్త నూనెలో వేయాలి.

వరస కూడా వంటలో భాగమే. ఏది ముందు వండాలి, ఏ పలక మీద కోయాలి, ఏ గుడ్డతో తుడవాలి అనే వాటితోనే సగం పని తీరుతుంది. ఇంట్లో పోపుల పెట్టె ఇందుకు మంచి పాఠం. ఏడు గిన్నెలకు ఒకే చెంచా. ఆవాల గిన్నె పక్కన పల్లీల గిన్నె. ఎలర్జీ ఉన్న ఇల్లు మొదట చేసే పని ఆ పల్లీల గిన్నెను పెట్టెలోంచి తీసేసి, పెట్టెను సబ్బుతో కడగడం. భోజనం తర్వాత పిల్లలందరి చేతుల విషయం కూడా ఇంతే. చేతికి అంటిన పల్లీ ప్రోటీన్ సబ్బు నీళ్లతో పోతుంది. ఉత్త నీళ్లతో గానీ శానిటైజర్‌తో గానీ పూర్తిగా పోదు. క్లాసు గుమ్మంలో శానిటైజర్ సీసా తగిలించి చేతులు శుభ్రమయ్యాయనుకుంటే అది పక్కన కూర్చున్న బిడ్డకు రక్షణ కాదు.

చట్టం మీకు కొత్తది కాదు. పాఠశాలల్లో పిల్లలకు సురక్షితమైన, సమతుల ఆహారం గురించి 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం బడే వండినా, అమ్మినా ఆహార వ్యాపారిగా నమోదై ఉండాలి లేదా లైసెన్సు తీసుకోవాలి. అదే ఏడాది వచ్చిన లేబులింగ్ నిబంధనలు పొట్లం కట్టిన ఆహారం మీద గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల వంటివి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, జీడిపప్పు బాదం వంటి గింజలు, సోయా, కిలోకు 10 మిల్లీగ్రాములు లేదా అంతకు మించిన సల్ఫైట్ ఉంటే చెప్పాలంటున్నాయి. పది లేదా అంతకుమించిన చోట్ల శాఖలున్న హోటళ్లు మెనూ మీద కూడా ఎలర్జీ వివరం చూపాలి. డబ్బు ఇచ్చి నచ్చింది ఎంచుకునే పెద్దవాళ్లకు హోటల్లో ఆ రక్షణ ఉంది. ఎంచుకునే వీలు లేకుండా పెట్టింది తినవలసిన ఆరేళ్ల బిడ్డకు మీ భోజనశాలలో అంతకంటే తక్కువ ఉండవచ్చా?

ఆ జాబితాతో ఆగిపోయినా చాలదు, ఎందుకంటే అందులో నువ్వులూ ఆవాలూ లేవు. అరిసెల మీద నువ్వులు, ఆవకాయలో నువ్వుల నూనె, ఆవపిండి, ప్రతి పోపులో ఆవాలు ఉండే వంటకు ఈ రెండూ ముఖ్యమైనవి. 2016లో లండన్ విమానాశ్రయంలో కొన్న రొట్టెలో కలిసిన నువ్వుల వల్ల నటాషా ఎడ్నన్ లాపెరూస్ అనే 15 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ పొట్లం మీద నువ్వుల మాట లేదు. ఆమె పేరుతో పిలిచే చట్టం 2021 అక్టోబర్ 1 నుంచి బ్రిటన్‌లో అమలైంది. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వుల పేరు లేబుల్ మీద రాయడం తప్పనిసరి. ఇక్కడ చట్టం అడిగేదాకా ఆగకుండా రోజువారీ మెనూలో పచ్చడి, పొడి, పోపు సహా అన్ని దినుసులూ రాయడానికి మీకు అడ్డేమిటి?

ఇందులో ఒక జాగ్రత్త రెండో వైపు కూడా ఉంది. భయంతో బడిలో వేరుశనగనే నిషేధించమని ఈ లేఖ అడగడం లేదు. వేరుశనగ చవకగా దొరికే మంచి ప్రోటీన్. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో ఇచ్చే గుడ్డు, చిక్కీ ఎందరో పిల్లల ఒంటికి బలం. శిశువులకు పల్లీని ఆలస్యం చేయడం వల్ల ఎలర్జీ తగ్గుతుందన్న పాత నమ్మకం కూడా నిలబడలేదు. 2015లో బ్రిటన్ పరిశోధకులు వెలువరించిన లీప్ అధ్యయనంలో, తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు ఎలర్జీ ఉన్న 640 మంది శిశువుల్లో కొందరికి ఏడాది లోపే వేరుశనగను మెత్తగా చేసి పెట్టడం మొదలుపెట్టారు. ఐదేళ్లు వచ్చేసరికి, తినకుండా ఉంచినవారితో పోలిస్తే వాళ్లలో పల్లీ ఎలర్జీ 80 శాతానికి పైగా తగ్గింది. ఇది ఎలర్జీ ఇంకా రాని శిశువుల మాట. ఎలర్జీ ఉందని తేలిన బిడ్డకు కొంచెం కొంచెం పెడితే అలవాటైపోతుందని హాస్టల్ వార్డెన్ మొదలుపెట్టవలసిన ప్రయోగం కాదు. అలాగే డాక్టరు తేల్చకుండా బిడ్డకు పాలు, గుడ్డు, గోధుమ, పప్పు అన్నీ మానిపించడం కూడా తప్పే. మీరు అడగవలసింది వైద్యుడి కాగితం. అది తెచ్చాక మీరు అనుమానించకూడదు.

ఆ కాగితం తెచ్చిన బిడ్డను చాలాచోట్ల మూల బల్ల దగ్గర ఒంటరిగా కూర్చోబెడుతున్నారు. పక్కవాళ్ల పళ్లెంలోంచి ఏదైనా పడుతుందని భయం. ఆ భయం సమంజసమే, పరిష్కారం మాత్రం కాదు. ఆ బిడ్డ బల్ల చివర కుర్చీలో కూర్చుని, పక్కన ఆ రోజు అదే రకం భోజనం చేసే ఇద్దరు స్నేహితులు ఉంటే సరిపోతుంది. రొట్టె ముక్క మార్చుకోకూడదని క్లాసు మొత్తానికి ఒకసారి చెబితే ఏడేళ్ల పిల్లలు పెద్దవాళ్ల కంటే గట్టిగా పాటిస్తారు.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా పొరపాటు జరగవచ్చు. అప్పుడు పనికొచ్చే మందు అడ్రినలిన్. తొడ బయటివైపు కండరంలోకి వెంటనే ఇవ్వాలి. దురద మాత్ర దద్దుర్లను తగ్గిస్తుంది గానీ మూసుకుపోతున్న గొంతును తెరవదు. ఆ మాత్ర వేసి చూద్దామని కూర్చున్న పది నిమిషాలు తిరిగి రావు. పొడిస్తే చాలు మందు వెళ్లే పెన్ మన మందుల షాపుల్లో సులువుగా దొరకదు కనుక, ఆంప్యూల్, సిరంజి, బిడ్డ బరువుకు డాక్టరు రాసిచ్చిన డోసు కాగితం ఒకే డబ్బాలో ఉండాలి, ఇంజెక్షన్ ఇవ్వడం నేర్చిన నర్సు బడి నడిచే వేళంతా ఉండాలి. బిడ్డను నడిపించకుండా వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టాలి. 108కి ఫోన్ చేయాలి. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఎందుకంటే కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు. ఈ డబ్బా ప్రిన్సిపాల్ గది బీరువాలో తాళం వేసి ఉంటే దానివల్ల ఉపయోగం ఉందా? తాళం చెవి ఎవరి దగ్గర ఉందో మీ వంటమనిషికి తెలుసా?

జూన్‌లో బడులు తెరిచేలోగా చేయవలసినవి ఎక్కువేమీ కాదు. వారం మెనూ దినుసులతో సహా భోజనశాల గోడ మీద, తల్లిదండ్రుల ఫోన్లలో ఉండాలి. పిల్లల ఎలర్జీ కాగితాలు ఫోటోతో, దినుసు బొమ్మతో వంటశాల తలుపు లోపలివైపు అంటించాలి. బయటివైపు అంటిస్తే బడి అంతా ఆ బిడ్డను వింతగా చూస్తుంది. రంగు పిడి ఉన్న గరిటెలు, పటకారులు, మూత ఉన్న రెండు గిన్నెలు కొనాలి. వండేవాళ్లకు, వడ్డించేవాళ్లకు ఒక పూట శిక్షణ ఇప్పించాలి, కొత్తవాళ్లు చేరినప్పుడల్లా మళ్లీ ఇప్పించాలి. సరుకు బ్రాండ్ మారినప్పుడల్లా లేబుల్ చదివే మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషి పేరు తల్లిదండ్రులకు తెలియాలి. పూచీ మాది కాదని రాయించుకునే హామీపత్రాలు వెనక్కి ఇచ్చేయాలి. ఇవి ఈ ఏడు చేయలేమనే బడి ఉంటే, అలాంటి పిల్లల విషయంలో ఇంటి డబ్బా మీద పెట్టిన నిషేధాన్ని ఎత్తివేసి, ఆ డబ్బాను అందరి పంక్తిలోనే తెరవనివ్వాలి.

ఇట్లు,
ఆహార ఎలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రుల పక్షాన